మూత ఎత్తని ఇల్లు

మెట్ల ఇల్లు,
ఫిబ్రవరి 3

అక్కకి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టేవాణ్నే కానీ నీ మరదలి మోకాళ్లు క్షేమంగా లేవు. వీధిలోంచి మా గుమ్మానికి నలభై ఒక్క మెట్లు. ఇక ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఎక్కలేనిదానికి దిగడం ఎందుకని ఆవిడ రెండు నెలలుగా ఇల్లు కదలలేదు. కిటికీ పక్కన కూర్చుని వీధిలో పోయేవాళ్ల నడకలకి వంకలు పెడుతూ ఉంటుంది.

అందుకని ఇల్లు అమ్మేస్తున్నాం. ఆసుపత్రి పక్క వీధిలో కింది అంతస్తు ఫ్లాట్ ఒకటి చూశాం. ఏప్రిల్ పదో తారీకులోగా మా ఇల్లు అమ్ముడుపోతే అది మాది. దాటితే వరసలో ఇంకొకరున్నారు.

కొనేది ఒక నర్సు. ఇద్దరు పిల్లలు. ఇల్లు చూడగానే ఊ అంది. ఇంక అంతా అయిపోయిందనుకుంటుంటే ఆవిడ లాయరు ఒక ఫారం పంపాడు. ఊరి మురుగు లైనుకి కలవని ఇల్లు అమ్మేవాళ్లు తమ సొంత మురుగు ఏర్పాటు ఏమిటో రాసివ్వాలట. పదకొండు ప్రశ్నలు. గాలి ఎటు నుంచి వస్తుందని అడగలేదు, ఎండ ఏ గదిలో పడుతుందని అడగలేదు. మరుగుదొడ్లో నీళ్లు ఎటు పోతాయో అడుగుతున్నాడు. అంత చదువు చదివింది ఇందుకా అనిపించింది.

నాకు తెలిసిందల్లా ఒకటే. ఇరవై రెండేళ్లలో మా సెప్టిక్ ట్యాంకు ఒక్కసారి కూడా ఖాళీ చేయించే అవసరం రాలేదు. అంత గట్టి కట్టడం. మేం కొన్నప్పుడు నువ్వు మీ మునిసిపల్ ఆఫీసు తరపున చూసి రాసిచ్చిన సర్టిఫికెట్ నా దగ్గర భద్రంగా ఉంది. అందులోంచి చూసి రాసేయనా, నువ్వే నింపి పంపుతావా? ఫారం జత చేశాను. ఇంటి పటం కూడా గీసి పెట్టాను.

ఫోన్ చేసేవాణ్ని. కాగితం మీద లేని మాట మాటే కాదంటావు కదా, అందుకని ఈ ఉత్తరం.

నీ తమ్ముడు


ప్రెస్సు వెనక గది,
ఫిబ్రవరి 11

ఒరే తమ్ముడూ,

నీ పటం అందింది. ముప్ఫయ్యేళ్లు డ్రాయింగు మాస్టారుగా చేసినవాడివి, బాగానే గీశావు. పూలకుండీలు తొమ్మిది ఉన్నాయి. గేటు మీద కాకి కూడా ఉంది. ట్యాంకు లేదు.

ఇల్లు అమ్మేవాళ్లను నా ఉద్యోగంలో కొన్ని వందలమందిని చూశాను. అందరిదీ ఒకటే జాతి. తలుపు చెక్క ఏ చెట్టుదో చెబుతారు, నేల రాయి ఏ ఊరి నుంచి తెప్పించారో చెబుతారు. పొద్దున్నే తాము వదిలింది ఎటు పోతోందని అడిగితే మాత్రం బూతు మాట విన్నట్టు మొహం పెడతారు. తన కంపు తనకి ఇంపు అన్నారు, అక్కడికి వాళ్లే నయం. వీళ్ల లెక్కలో తమకి అసలు కంపే లేదు.

కొనేవాళ్లు ఇంకో రకం. కుళాయి తిప్పి చూస్తారు, స్విచ్చి నొక్కి చూస్తారు, గోడ మీద వేలితో కొడతారు. గోడలో ఏం వినపడుతుందో నాకు ఇప్పటికీ తెలీదు. మీ నర్సు లాయరుని పెట్టుకుందంటే ఆవిడకి కాస్త బుర్ర ఉంది.

ఆ పదకొండు ప్రశ్నలూ లాయరు సరదాకి రాయలేదు. ట్యాంకు ఎక్కడుందో చూపించాలి. అందులోంచి బయటికి పోయే నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయో చెప్పాలి. గొట్టం వేరేవాళ్ల స్థలంలోంచి పోతుంటే వాళ్ల సంతకం తేవాలి. నువ్వు దాచిపెట్టి అమ్మితే రేపు ఆవిడ నిన్ను కోర్టుకి ఈడ్చవచ్చు.

ఇరవై రెండేళ్లు ఖాళీ చేయించలేదని గొప్పగా రాశావు. అది గొప్ప కాదురా, జబ్బు. నిండని ట్యాంకు ఈ భూమ్మీద ఎవడూ కట్టలేదు.

ముందు మూత వెతుకు. ఆ పాత సర్టిఫికెట్ జోలికి పోకు. దానికి కాలం చెల్లింది.

అక్క


మెట్ల ఇల్లు,
మార్చి 2

అక్కకి,

తిట్లన్నీ అందాయి. నీ మరదలికి చదివి వినిపించాను. కాకి దగ్గర బాగా నవ్వింది.

మూత దొరకలేదు. ఒక మేస్త్రీని పిలిపించాను. చెవిలో పెన్సిలు, నోట్లో పుల్ల. గునపంతో పెరడంతా పొడుస్తూ తిరిగాడు, పొడిచిన ప్రతిచోటా "ఇక్కడేనండి" అన్నాడు. ఎక్కడా కాదు. తవ్విన ప్రతి గొయ్యికీ ఓ కథ చెప్పాడు. కూలీ తీసుకుని, ఇంత మంచి నేల తను ఎక్కడా చూడలేదని మెచ్చుకుని వెళ్లాడు.

ఇంక గతిలేక నీ సర్టిఫికెట్ తీశాను. "ఈశాన్య మూల రెండు గదుల ట్యాంకు, మూత గట్టిగా ఉంది, నీళ్లు వీధి కాలువలో కలుస్తున్నాయి" అని నీ దస్తూరీలో ఉంది. ఈశాన్యం మూల నేనే తవ్వాను. జానెడు లోతున బండ తగిలింది. పరిచిన బండ కాదు, కొండదే. అక్కడ ట్యాంకు కాదు కదా, తులసికోట కూడా పట్టదు. నువ్వు ఏ మూల చూశావక్కా? పాత యజమాని ఇల్లు అప్పగించేముందు ట్యాంకు మార్చాడంటావా?

ఇదంతా వెనక గోడ అవతలి నుంచి మొక్కల నర్సరీ ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆయన స్థలం మా పెరటికన్నా పల్లం. గోడ మీద గడ్డం ఆనించి సలహాలు చెబుతాడు. తన మొక్కల చెరువులో ఏడాది పొడుగునా ఊట ఉంటుందని, మండువేసవిలో కూడా ఎండదని ఆయనకి గర్వం. "నేల అదృష్టం మాస్టారూ, అందరికీ దక్కదు" అంటాడు. ఆ ఊటనీళ్లు పెట్టి పెంచిన టమాటాలు వారానికో బుట్ట మాకు ఇస్తాడు. మంచివాడే, డాంబికం ఎక్కువ.

మార్చి వచ్చేసింది. బ్రోకర్ రోజుకి రెండుసార్లు మెట్లెక్కి వస్తున్నాడు. ఏం చెయ్యను?

తమ్ముడు


ప్రెస్సు వెనక గది,
మార్చి 9

తమ్ముడూ,

మేస్త్రీల గురించి నాకు చెప్పకు. మట్టిలో ఏముందో తెలియనివాడికే మాటలు ఎక్కువ ఉంటాయి.

ఇంక తవ్వకం ఆపు. రంగు పరీక్ష చెయ్యి. నీ బడి రంగులు కాదు, నీళ్ల లీకేజీలు కనిపెట్టడానికి ఆకుపచ్చ పొడి ఒకటి అమ్ముతారు. మందుల రసాయనాలు అమ్మే కొట్లో అడుగు. పొద్దున్నే మరుగుదొడ్లో రెండు చెంచాలు వేసి పది బకెట్ల నీళ్లు పొయ్యి. తర్వాత వీధి కాలువ, పెరడు, గోడల అడుగు, అన్నీ మధ్యాహ్నం దాకా తిరిగి చూడు. ఆకుపచ్చ ఎక్కడ తేలితే నీ ఇల్లు అక్కడ తేలినట్టు. ఇదే మా ఆఫీసులో సగంమందికి చేతకాదు. గేటు దగ్గర నించుని ముక్కు మూసుకుని సర్టిఫికెట్ రాసిచ్చేవాళ్లు మావాళ్లు. నా వెనక నన్ను మూతలమ్మ అనేవారు. అననీ. ప్రతి మూతా ఎత్తించినదాన్ని.

ఆ పాత కాగితం చించెయ్యి. నేను చెప్పాను కదా.

అక్క


మెట్ల ఇల్లు,
మార్చి 21

అక్కకి,

ఆకుపచ్చ తేలింది.

ఎనిమిదింటికి పోశాను. వీధి కాలువలో లేదు. పెరట్లో లేదు. పదకొండింటికి గోడ అవతల ఎవరో అరిచారు. వెళ్లి చూస్తే నర్సరీ చెరువు నిగనిగలాడుతోంది. గట్టు మీద నర్సరీ ఆయన, ఆయన పక్కన గులాబీ అంట్లు కొనడానికి వచ్చిన నలుగురు. రంగు ఎటు నుంచి వస్తోందో చూడటానికి గట్టు మీది నాలుగు రాళ్లు తీశారు. మా గోడ కింద నుంచి ఒక మట్టిగొట్టం. అదే ఊట. ఆయన అదృష్టం మా స్నానాలగదిలోంచి పుట్టింది.

ఆయన టమాటా మొక్కల వైపు చూశాడు, నా వైపు చూశాడు. నాకూ అదే ఆలోచన వచ్చింది. ఇరవై రెండేళ్లు ఇద్దరం మెచ్చుకుంటూ తిన్నాం.

గొట్టం వెంబడి వెనక్కి తవ్వించాను. ట్యాంకు లేదక్కా. బట్టలుతికే గట్టు కింద రాళ్లు పోసిన గొయ్యి ఒకటుంది, అంతే. మూత లేదు. రెండు గదులు లేవు. నువ్వు రాసినదాంట్లో ఒక్క ముక్క నిజం లేదు.

నీ మరదలు అంది, "ఆ రోజు వదినగారు ముందుగది దాటి రాలేదండీ. నేను కాఫీ ఇచ్చాను. మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశారు" అని. నాకూ గుర్తొచ్చింది. మేస్త్రీలంటే నీకు లోకువ, అమ్మేవాళ్లంటే లోకువ, గేటు దగ్గర నించుని రాసేవాళ్లంటే లోకువ. వాళ్లు గేటు దాకా అయినా వెళ్లారేమో, నువ్వు కుర్చీలోంచి లేవలేదు. గురివింద గింజకి తన కింద నలుపు కనపడదని ఊరికే అనలేదు.

బ్రోకర్ ఒక ఉపాయం చెప్పాడు. గొయ్యి పూడ్చేసి, నీ సర్టిఫికెట్ ఫారానికి జతచేసి, "మాకు తెలిసినంతవరకు ఇదే" అని రాసెయ్యమన్నాడు. ప్రభుత్వ ముద్ర ఉంది, మీ అక్కగారి సంతకం ఉంది, రేపు ఏదైనా బయటపడితే అది చుట్టుకునేది సంతకం పెట్టినవాళ్ల మెడకి కదా అన్నాడు. నర్సరీ ఆయన నోరు మూయించడం తన పని అన్నాడు.

అలాగే చేస్తున్నాను. ఏప్రిల్ పదికి ఇరవై రోజులే ఉన్నాయి. కిటికీ దగ్గర ఆ మనిషిని నువ్వు చూడలేదు. తప్పు నీది, మెట్లు ఆవిడవి కాకూడదు.

తమ్ముడు


ప్రెస్సు వెనక గది,
మార్చి 27

తమ్ముడూ,

నువ్వు రాసింది నిజం. మూత ఎత్తలేదు. పెరట్లోకి కూడా రాలేదు. ఎందుకని అడగకు, ఒళ్లు బరువనుకో. ఆ పొద్దున ఎనిమిది ఇళ్లలో మూతలు ఎత్తించాను. ఒకడి గొయ్యిలో కోడిపిల్ల పడి ఉందని వాడి చేత జరిమానా కట్టించాను. తొమ్మిదో ఇల్లు నీది. అక్కడ కాఫీ తాగి సంతకం పెట్టాను.

ఇరవై రెండేళ్లలో ఇది గుర్తు రాని నెల లేదు. రిటైరైన రోజు సన్మానంలో మా అధికారి లేచి, ఈవిడ చూడకుండా ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు అన్నాడు. ఆయన ఏమీ ఎరగని దద్దమ్మ, పాపం. నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను. లోకాన్నంతా తిట్టిన నోరు ఇది, దీన్నే ఎవరూ తిట్టలేదు. నువ్వు తిట్టావు. బాగానే తిట్టావు.

నీ బ్రోకర్ చెప్పింది జరగదు. నీ ఉత్తరం అందిన రోజే నర్సు లాయరుకి రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. ఫలానా సంవత్సరం ఫలానా ఇంటికి నేను ఇచ్చిన సర్టిఫికెట్ అబద్ధం, నేను చూడకుండా రాశాను, అక్కడ ట్యాంకు లేదు, మురుగు పక్క స్థలంలోకి పోతోంది అని. కాపీ మా పాత ఆఫీసుకి పంపాను. వాళ్లు పెన్షన్ ఆపుతారో, పిలిచి అడుగుతారో, ఫైలు మీద కూర్చుని నిద్రపోతారో వాళ్ల ఇష్టం. లాయరు అడ్రసు నువ్వు పంపిన ఫారం మీదే ఉంది.

ఆ ఇంట్లోకి రాబోయేది ఇద్దరు పిల్లలు. వాళ్లు ఆ పెరట్లో ఆడతారు, ఆ గొయ్యి మీద గెంతుతారు. నా సంతకం చూపించి వాళ్లని అక్కడికి దింపడం నావల్ల కాదు. ఫ్లాట్ పోతుందని నాకు తెలుసు. మరదలికి నా మొహం చూపించలేను.

అక్క


మెట్ల ఇల్లు,
ఏప్రిల్ 12

అక్కకి,

ఫ్లాట్ పోయింది. పదో తారీకు సాయంత్రం ఫోన్ చేసి చెప్పారు.

నీ మీద చాలా కోపంగా ఓ ఉత్తరం రాసి పెట్టుకున్నాను. అది పంపడం లేదు. ఎందుకో చెబుతాను.

నర్సు నీ లేఖ పట్టుకుని నలభై ఒక్క మెట్లూ ఎక్కి వచ్చింది. ముందుగదిలో కూర్చుని మా ఇద్దరికీ పైకి చదివి వినిపించింది. కాగితం మడిచి, "ఈవిడ మీకేమవుతారు?" అంది. అక్క అన్నాను. "ఇలా రాసిచ్చే మనిషిని నేను ఇంతవరకు చూడలేదండీ, ఈవిడ చూడకుండా ఎందుకు సంతకం పెట్టారో అర్థం కావడం లేదు" అంది.

నీ మరదలు నా వైపు చూసింది. 

అసలు సంగతి నువ్వు ఆ లేఖలో రాయలేదు. నాకు రాసినదాంట్లో కూడా రాయలేదు. ఆ రోజు నువ్వు కుర్చీలో కూర్చోలేదక్కా, నేను కూర్చోబెట్టాను. చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి పోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "నేను చూశానక్కా, ఈశాన్యం మూల, రెండు గదులది, గట్టిగా ఉంది" అన్నాను. నువ్వు "నిజంగా చూశావా?" అని రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ చూశానన్నాను. నేను చెప్పిందే చెప్పినట్టు రాశావు.

నేను చూడలేదు. పాత యజమాని ముందురోజే నాతో అన్నాడు, "ట్యాంకు గురించి తవ్వుకోకండి మాస్టారూ, ఎవరైనా అడిగితే ఈశాన్యం అనండి, లేదంటే సాయంత్రం వేరేవాళ్లు బయానా ఇస్తారు" అని. ఏదో తిరకాసు ఉందని నాకు అప్పుడే తెలుసు. నువ్వు చూస్తే ఇల్లు చెయ్యి జారిపోతుందని తెలుసు. అందుకే నిన్ను కదలనివ్వలేదు. ఆ తర్వాత నీ సంతకం చూసీ చూసీ ట్యాంకు ఉందనే నమ్మేశాను. మొన్న ఈశాన్యం మూల తవ్వేటప్పుడు కూడా బండ తగిలితే నిజంగానే ఆశ్చర్యపోయాను. ఇంతకన్నా వెధవ ఇంకొకడు ఉంటాడా.

ఇదంతా నర్సు ఎదుటే చెప్పాను. ఫారంలో పదకొండింటికీ జవాబులు నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఆవిడ జవాబులన్నీ చదివింది. కొత్త ట్యాంకు కట్టించి, రంగు పోసి తన కళ్ల ముందు చూపిస్తే అప్పుడు కొంటానంది. నర్సరీ ఆయన గొట్టానికి సంతకం పెట్టనన్నాడు, పెట్టకూడదు కూడా. కాబట్టి ముందు వైపు బండ పగలగొట్టి కట్టాలి. నాలుగు నెలలు అంటున్నారు.

నీ మరదలు ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. కిటికీ దగ్గర కూర్చుంటోంది. ఇప్పుడు వీధిని చూసి కూడా ఏమీ అనడం లేదు.

తమ్ముడు


ప్రెస్సు వెనక గది,
ఏప్రిల్ 18

ఒరే,

నేను రాయనిది నువ్వు ఊరంతా చాటావన్నమాట. సరే. నువ్వు చెప్పావని నేను రాస్తే తప్పు సగమైపోతుందా? కళ్లు నావి, జీతం నాది. తమ్ముడు చూశాడని సర్టిఫికెట్ ఇమ్మని ఏ చట్టంలోనూ లేదు.

రెండుసార్లు కాదు, మూడుసార్లు అడిగాను. మూడోసారి నువ్వు చూశానని అంటుంటే నీ చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమని నాకు అప్పుడే తెలిసిపోయింది. పెళ్లయి పదేళ్లు ఇరుకు గదుల్లో ఉన్నారు మీరు. ఆ మెట్ల పైన నించుని నువ్వు ఇంటి వైపు చూసిన చూపు చూశాను. ఆ ఇల్లు నీకు దక్కాలనిపించింది. దక్కాలనే పెన్ను తీశాను. మరదలికి ఇది చదివి వినిపించు, దాచకు.

ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చెయ్యి. నా గది నేల మీదే ఉంది, గుమ్మానికి ఒక్క మెట్టు కూడా లేదు. బయట అడుగు పెడితే రోడ్డు, రెండు అడుగులకి పార్కు. ఇద్దరు మోతగాళ్లను మాట్లాడి మరదలిని కుర్చీతో సహా కిందికి దింపించు. ఆదివారం బస్సులో తీసుకురా. నాలుగు నెలలు నాతో ఉంటుంది. పగలంతా ఇద్దరం కూర్చుని నిన్ను తిట్టుకుంటాం, కాలక్షేపం అవుతుంది. నీకు ఇక్కడ చోటు లేదు. ఆవిడని దించి అదే బస్సుకి వెనక్కి పో.

వెళ్లి ఆ బండ దగ్గర నించో. మేస్త్రీ మాట వినకు, బ్రోకర్ని గేటు లోపలికి రానివ్వకు. అడుగు పోసేటప్పుడు చూడు, గోడ లేచేటప్పుడు చూడు, గొట్టం అతికేటప్పుడు వంగి చూడు. అంతా అయ్యాక ట్యాంకు బాగుందని నాకు ఉత్తరం రాయి.

నేను నమ్మను. మరదలిని వెంటబెట్టుకుని వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మూత నేనే ఎత్తి చూస్తాను.

అక్క